షాపు పోయింది, బోర్డు మిగిలింది: బర్టన్ నుంచి ఆర్కేడియా దాకా

2021 ఫిబ్రవరి 1న ఏసోస్ అనే ఆన్‌లైన్ బట్టల కంపెనీ, బ్రిటన్‌లో కూలిపోయిన ఆర్కేడియా అనే గ్రూపు నుంచి టాప్‌షాప్ అనే బట్టల షాపుల గొలుసుని కొనేసిందని వార్త వచ్చింది. టాప్‌షాప్, టాప్‌మ్యాన్, మిస్ సెల్ఫ్‌రిడ్జ్, ఇంకో చిన్న బ్రాండు కలిపి 26.5 కోట్ల పౌండ్లు, స్టాకుకి విడిగా ఇంకో 6.5 కోట్లు. సరే, అంత డబ్బు పోశారు కదా చేతికి ఏం వచ్చింది అని చూస్తే ఒక్క షాపు కూడా లేదు. దాదాపు 70 షాపులు, వాటిల్లో పనిచేసే 2,500 మంది ఆ డీల్‌లో లేనే లేరు. కొన్నది పేరు, దాని హక్కులు, ఆన్‌లైన్ బిజినెస్, గోడౌన్‌లో బట్టలు. అంతే. ఇంకో వారం తిరిగేసరికి బూహూ అనే ఇంకో ఆన్‌లైన్ కంపెనీ వచ్చి అదే గ్రూపులోని బర్టన్, డొరతీ పెర్కిన్స్, వాలిస్ మూడింటినీ కలిపి 2.52 కోట్లకి పట్టుకెళ్ళింది, అక్కడ కూడా 200కి పైగా షాపులు గాలికి.

షాపు లేకుండా షాపుని కొనడం ఏంటి అని చాలామందికి ఇక్కడే తికమక. మన ఊళ్ళో బట్టల కొట్టు తీసుకోండి. బోర్డు మీద ఓనరు ఇంటిపేరో కులదేవత పేరో ఉంటుంది, బిల్డింగు వాళ్ళదే, పైన వాళ్ళే కాపురం ఉంటారు, అరుగు మీద కుట్టుమిషన్ పెట్టుకుని టైలర్ కూర్చుంటాడు. పేరు, బిల్డింగు, వ్యాపారం, కుట్టుపని నాలుగూ ఒకే ముడి. ఆర్కేడియాకి మూలమైన బర్టన్ కూడా మొదట్లో అచ్చం ఇలాగే ఉండేది, కాకపోతే చాలా పెద్ద సైజులో. తర్వాత వందేళ్ళలో వచ్చిన ఓనర్లు ఆ ముడి విప్పుకుంటూ పోయారు, ఒకరు కుట్టుపని వదిలేశారు, ఇంకొకరు బిల్డింగుల మీద అప్పు తెచ్చారు, చివరికి వ్యాపారం కూడా రాలిపోయి పేరు మాత్రం మిగిలింది. ఈ కథలో బోలెడు బ్రాండ్లు, బోలెడు కొనుగోళ్ళు వస్తాయి, అవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఆ నాలుగు పోగులు ఎప్పుడు ఏది తెగిందో చూసుకుంటూ పోతే చాలు.

మొదలు లిథువేనియాలో. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యంలో భాగం. 1885లో ఒక యూదు కుటుంబంలో మెషే ఒసిన్‌స్కీ అని ఒకబ్బాయి పుట్టాడు. పదిహేనేళ్ళకే, 1900లో, ఒంటరిగా ఇంగ్లండ్ వచ్చేశాడు, గుమ్మం గుమ్మం తిరిగి చిల్లర సరుకులు అమ్మాడు, తర్వాత ఒక బంధువు దగ్గర 100 పౌండ్లు అప్పు తీసుకుని చెస్టర్‌ఫీల్డ్ అనే ఊళ్ళో చిన్న బట్టల షాపు పెట్టాడు. పేరు మార్చుకున్నాడు, మాంటేగ్ బర్టన్ అయ్యాడు. లిథువేనియా పిల్లాడికి పక్కా ఇంగ్లీష్ దొర పేరు అన్నమాట. 1931లో నిజంగానే సర్ బిరుదు కూడా వచ్చింది.

ఆయన కనిపెట్టింది సూటు కాదు, సూటు కుట్టించుకునే పద్ధతి. కొలతలిచ్చి కుట్టించుకోవడం అప్పటిదాకా డబ్బున్న వాళ్ళ వ్యవహారం, కూలీనాలీ చేసుకునేవాళ్ళకి రెడీమేడో, ఎవరో వాడి అమ్మేసిందో గతి. బర్టన్ ఏం చేశాడంటే ఊరూరా షాపు పెట్టి, అక్కడ కొలతలు మాత్రం తీసుకుని, ఆ కాగితం లీడ్స్‌లోని ఫ్యాక్టరీకి పంపేవాడు. కుట్టేది అంతా అక్కడ. సూటు రెడీ అయి మళ్ళీ షాపుకి వచ్చేది. టైలర్ కొట్టునీ ఫ్యాక్టరీనీ కలిపి కుట్టేశాడు, దాంతో రేటు దిగింది, మామూలు ఉద్యోగస్తుడు కూడా ఒంటికి సరిపోయే సూటేసుకుని ఆదివారం బయటికి వెళ్ళగలిగాడు. లీడ్స్‌లో హడ్సన్ రోడ్ ఫ్యాక్టరీ ఒక దశలో ప్రపంచంలోనే అతిపెద్ద బట్టల ఫ్యాక్టరీ, 10,000 మంది పని, అందులో క్యాంటీన్‌లో ఒకేసారి 8,000 మంది భోంచేయొచ్చు. మన పెళ్ళి పంక్తులు ఎంత పెద్దవైనా దాని ముందు బలాదూరే.

షాపుల్లో పనిచేసేవాళ్ళకి కంపెనీ ఇచ్చిన సూచనలు కూడా భలే ఉంటాయి, కస్టమర్‌తో ఇన్‌కమ్ టాక్స్ వసూలు చేసేవాడిలా కరుగ్గా ఉండొద్దు, జోస్యం చెప్పేవాడిలా నున్నగా మాట్లాడొద్దు, రెండింటికీ మధ్యలో టీ పొడి కలిపే క్వేకర్ (నిరాడంబరతకి పేరుపడ్డ ఒక క్రైస్తవ శాఖ) పెద్దమనిషిలా హుందాగా ఉండమన్నారు. సేల్స్ ట్రైనింగ్ పేరుతో ఇప్పుడు చెప్పే దానికంటే ఇదే నయం అనిపిస్తుంది నాకు.

ఇంక బిల్డింగులు. వీటి దగ్గర కాసేపు ఆగాలి ఎందుకంటే తర్వాత కథంతా వీటి మీదే నడుస్తుంది. బర్టన్ ఊళ్ళో మంచి సెంటర్, అదీ మూల మలుపు స్థలం, చూసి కొనేవాడు. అద్దెకి కాదు, సొంతానికి. కంపెనీలోనే ఆర్కిటెక్టుల డిపార్ట్‌మెంట్ ఉండేది, 1930ల ఆర్ట్ డెకో స్టైల్లో తెల్లటి బిల్డింగులు, కొన్నింటి మీద ఏనుగు తలల బొమ్మలు, కింద షాపు, చాలాచోట్ల పైన బిలియర్డ్స్ హాలు. కుర్రాళ్ళు సారా కొట్టుకి పోకుండా ఇక్కడికొస్తారు, మెట్లెక్కేటప్పుడు దిగేటప్పుడు సూట్లు కంటపడతాయి. శంకుస్థాపన రాళ్ళ మీద బర్టన్ పిల్లల పేర్లు చెక్కించేవాడు. బ్రిటన్‌లో ఇప్పటికీ చాలా ఊళ్ళలో ఆ రాళ్ళు ఉన్నాయి, కింద బర్గర్ల షాపో మందుల షాపో నడుస్తుంటుంది, నడుము వంచి చూస్తే 1930ల నాటి ఏదో సంవత్సరం, ఒక పిల్లాడి పేరు కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి షాపులు దాదాపు 600. యుద్ధంలో బ్రిటిష్ సైన్యం యూనిఫామ్‌ల్లో నాలుగో వంతు వీళ్ళే కుట్టారు, యుద్ధం అయ్యాక ఇంటికెళ్ళే సైనికులకి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన సూట్లలో కూడా పెద్ద వాటా వీళ్ళదే. మొత్తం అంతా అనడానికి ఇంగ్లీషులో ఫుల్ మాంటీ అంటారు కదా, ఆ మాట బర్టన్ దగ్గర ప్యాంటు, కోటు, వెయిస్ట్‌కోటుతో పూర్తి సెట్టు కొనడం నుంచి వచ్చిందని ఒక వాదన ఉంది, వేరే వాదనలు కూడా ఉన్నాయి లెండి.

1952లో లీడ్స్‌లో ఒక విందులో మాట్లాడుతూ మాట్లాడుతూనే మాంటేగ్ బర్టన్ కన్నుమూశాడు. 1966లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ టీమ్ వరల్డ్ కప్ గెలిచినప్పుడు వాళ్ళ సూట్లు బర్టన్‌వే. అయితే అప్పటికే కింద నేల కదులుతోంది. కుర్రాళ్ళు నాన్న వేసుకునే సూటు వేసుకోం అంటున్నారు, జీన్స్ వచ్చాయి, కొలతలిచ్చి వారాలు ఆగే ఓపిక లేదు.

అయితే గ్రూపు చేతిలో ఇంకో విత్తనం ఉంది, దాని విలువ వాళ్ళకే అప్పుడు తెలిసినట్టు లేదు. 1946లో బర్టన్ వాళ్ళు పీటర్ రాబిన్‌సన్ అనే పాత ఆడవాళ్ళ బట్టల స్టోర్లు కొన్నారు, దాని పెద్ద షాపు లండన్ ఆక్స్‌ఫర్డ్ సర్కస్ మూల మీద ఉంది. 1964లో షెఫీల్డ్‌లోని పీటర్ రాబిన్‌సన్‌లో టీనేజ్ అమ్మాయిల కోసం ఒక సెక్షన్ తెరిచారు, దాని పేరు టాప్ షాప్. ఒక షాపులో ఒక మూల, అంతే. 1974లో దాన్ని విడదీసి సొంత షాపులు పెట్టారు, 1978లో మగపిల్లలకి టాప్‌మ్యాన్ వచ్చింది. కొన్నాళ్ళకి తల్లి పోయింది పిల్ల మిగిలింది, ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో పీటర్ రాబిన్‌సన్ ఉన్న బిల్డింగే టాప్‌షాప్ అయింది. ఆ బిల్డింగు నంబరు 214 ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఈలోగా గ్రూపు షాపింగ్ మొదలుపెట్టింది, వాళ్ళ షాపింగ్ అంటే కంపెనీల షాపింగ్. 1971లో లావుపాటి ఆడవాళ్ళ సైజులు అమ్మే ఎవాన్స్, 1979లో డొరతీ పెర్కిన్స్. ఈ డొరతీ పెర్కిన్స్ అనే ఆవిడ ఎవరో అనుకుంటారు గానీ అది ఒక తీగ గులాబీ పేరు, 1909లో వేరే పేరుతో మేజోళ్ళ షాపుగా మొదలై తర్వాత గులాబీ పేరు పెట్టుకున్నారు. మరోవైపు కుట్టుపని తగ్గిస్తూ వచ్చారు, 1980లు వచ్చేసరికి సొంత ఫ్యాక్టరీల్లో కుట్టడం దాదాపు ముగిసింది. మొదటి పోగు తెగింది. విదేశాల్లో ఎవరో చవగ్గా కుట్టి ఇస్తుంటే లీడ్స్‌లో వేలమందిని పెట్టుకోవడం దండగ అన్నది లెక్క, లెక్క ప్రకారం తప్పు కూడా కాదు. కానీ బర్టన్‌కి మిగతా షాపులకి తేడా ఏంటి అంటే ఆ కుట్టే కదా.

అప్పటి బాస్ రాల్ఫ్ హాల్పెర్న్. ఏ వయసు కస్టమర్ ఏ షాపుకి రావాలి అని ముక్కలు ముక్కలుగా మార్కెట్‌ని కోసినవాడు, బ్రిటన్‌లో ఏడాదికి పది లక్షల పౌండ్ల జీతం దాటిన తొలి కంపెనీ బాసుల్లో ఒకడు. 1985లో 55 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి డెబెనమ్స్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ల గొలుసుని కొన్నాడు, గట్టి పోట్లాట తర్వాత. సూట్ల కంపెనీ ఇప్పుడు కప్పులు సాసర్లు పరుపులు కూడా అమ్ముతోంది. ఆ దశాబ్దంలో రియల్ ఎస్టేట్ ఊపు మీద ఉంది, గ్రూపు షాపింగ్ సెంటర్లు కట్టే పనిలోకి కూడా దిగింది, ఆ ఊపు దిగగానే దెబ్బ తగిలింది, 1990లో హాల్పెర్న్ వెళ్ళిపోయాడు. 1998లో డెబెనమ్స్‌ని మళ్ళీ విడదీసి వేరే కంపెనీ చేశారు, మిగిలిన దానికి ఆర్కేడియా అని కొత్త పేరు పెట్టారు. బర్టన్ అనే పేరు గ్రూపు మీంచి పోయి మగవాళ్ళ షాపుల బోర్డు మీద మాత్రం ఉండిపోయింది.

ఇక్కడ ఫిలిప్ గ్రీన్ వస్తాడు. ఈయన కంపెనీలు కొనడం, ముక్కలు చేయడం, అమ్మడంలో ఆరితేరిన మనిషి. 1999లో సియర్స్ అనే గ్రూపుని బార్‌క్లే సోదరులనే కోటీశ్వరుల అండతో 54.8 కోట్లకి కొన్నాడు, అందులో ఆడవాళ్ళ బట్టల బ్రాండ్లు మిస్ సెల్ఫ్‌రిడ్జ్, వాలిస్, వేర్‌హౌస్ లాంటివి తీసి ఆర్కేడియాకే 15.1 కోట్లకి అమ్మేశాడు. 2000లో బీహెచ్ఎస్ అనే పాత స్టోర్లు 20 కోట్లకి కొన్నాడు. 2002లో దాదాపు 85 కోట్లకి ఆర్కేడియానే కొనేశాడు, అంటే మూడేళ్ళ కింద తను అమ్మిన బ్రాండ్లు కూడా మళ్ళీ తన దగ్గరికే. స్టాక్ మార్కెట్ నుంచి కంపెనీని తప్పించాడు, ఇంక లెక్క చెప్పాల్సిన షేర్‌హోల్డర్లు లేరు. కాగితాల మీద అసలు ఓనరు ఆయన కూడా కాదు, భార్య టీనా గ్రీన్, ఆవిడ ఉండేది మొనాకోలో.

ఇలాంటి కొనుగోళ్ళలో డబ్బు ఎక్కువగా బ్యాంకుది. మామూలుగా మనం ఇల్లు కొంటే లోన్ మన మీద ఉంటుంది, ఈఎంఐ మన జీతంలోంచి పోతుంది. ఇక్కడ అలా కాదు, కొన్న కంపెనీయే ఆ అప్పు తీరుస్తుంది. కోడిని కొనడానికి చేసిన అప్పు కోడే గుడ్లు పెట్టి తీర్చాలి, ఓనరు జేబులోంచి పెద్దగా ఏం పోదు. కోడి బాగా గుడ్లు పెట్టినన్నాళ్ళు ఇది అద్భుతం. నిజం చెప్పాలంటే గ్రీన్ మొదటి మూడేళ్ళు ఆర్కేడియాని బాగా నడిపాడు, లాభాలు పెరిగాయి, కొన్నప్పటి అప్పు త్వరగా తీర్చేశాడు, ఆయన్ని దొంగలా చూపించే కథల్లో ఈ ముక్క ఎగిరిపోతుంటుంది.

అప్పు తీరాక 2005లో కొత్త అప్పు తెచ్చారు, తెచ్చి టీనా గ్రీన్‌కి 120 కోట్ల పౌండ్ల డివిడెండ్, అంటే ఓనర్లకి పంచే సొమ్ము, ఇచ్చారు. అప్పటికి బ్రిటన్‌లో ఒక వ్యక్తికి అందిన డివిడెండ్లలో అదే పెద్దది. కంపెనీ ఆ ఏడాది లాభం ఎంతో దానికి నాలుగు రెట్ల పైన. ఆవిడ మొనాకో వాసి కాబట్టి బ్రిటన్‌లో దాని మీద ఇన్‌కమ్ టాక్స్ లేదు. అంతా చట్టప్రకారమే, ఏ కాగితంలోనూ తప్పు లేదు. కానీ ఆ డబ్బు షాపుల్లో కొత్త ఫ్లోరింగ్ కింద, వెబ్‌సైటు కింద, కొత్త గోడౌన్ కింద వెళ్ళి ఉంటే ఏమయ్యేది అన్న ప్రశ్న తర్వాత పదిహేనేళ్ళు వెంటాడింది. ఆ తర్వాతి ఏడాది ఫిలిప్ గ్రీన్‌కి సర్ బిరుదు వచ్చింది.

బయటికి మాత్రం అవి టాప్‌షాప్ స్వర్ణయుగం. జేన్ షెపర్డ్‌సన్ అనే ఆవిడ బ్రాండ్ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు టాప్‌షాప్‌కి అసలు రూపం వచ్చింది, ర్యాంప్ మీద కనపడిన డిజైన్ కొన్ని వారాల్లో షాపులో, అదీ అమ్మాయిలు కొనగలిగే రేటులో. లండన్ ఫ్యాషన్ వీక్‌లో కొత్త డిజైనర్లకి స్పాన్సర్‌షిప్ ఇచ్చేవారు. 2007లో మోడల్ కేట్ మాస్ పేరుతో బట్టలు దింపితే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మీద క్యూలు కట్టారు. 2009లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద షాపు. 2012లో లెనర్డ్ గ్రీన్ అనే అమెరికన్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ టాప్‌షాప్, టాప్‌మ్యాన్‌లలో 25 శాతం వాటా కొంది, ఆ డీల్ లెక్కన రెండు బ్రాండ్లూ కలిపి 200 కోట్ల పౌండ్లు. పేరులో గ్రీన్ ఉందని ఫిలిప్ గ్రీన్ చుట్టం అనుకోకండి, సంబంధం లేదు. ఏడేళ్ళ తర్వాత 2019లో ఆ వాటా ఒక్క డాలర్‌కి వెనక్కి వచ్చింది.

ఒక్క డాలర్ అంటే ఒక్క పౌండు గుర్తొస్తుంది. 2015 మార్చిలో బీహెచ్ఎస్‌ని గ్రీన్ ఒక్క పౌండుకి డొమినిక్ చాపెల్ అనే ఆయన కంపెనీకి అమ్మేశాడు, ఆ చాపెల్‌కి రిటైల్‌లో అనుభవం లేదు, అంతకుముందు దివాలా తీసిన చరిత్ర ఉంది. పదమూడు నెలల్లో బీహెచ్ఎస్ పడిపోయింది, 11,000 ఉద్యోగాలు పోయాయి. తర్వాత వేరే పన్నుల ఎగవేత కేసులో చాపెల్‌కి ఆరేళ్ళ జైలు పడింది. అసలు మంటలు రేగింది పెన్షన్ దగ్గర, పెన్షన్ ఫండ్‌లో 57.1 కోట్ల పౌండ్ల లోటు.

ఈ పెన్షన్ సంగతి మన తెలుగు రాష్ట్రాల ఉద్యోగులకి తేలిగ్గా అర్థమవుతుంది, పాత పెన్షన్ కావాలి సీపీఎస్ వద్దు అని ధర్నాలు చూస్తూనే ఉన్నాం కదా. బీహెచ్ఎస్‌ది పాత పెన్షన్ లాంటిది, మార్కెట్ ఎలా ఉన్నా రిటైర్ అయ్యాక ఇంత ఇస్తాం అని మాట. తేడా ఏంటంటే మన దగ్గర ఆ మాట ఇచ్చేది ప్రభుత్వం, అక్కడ ఇచ్చింది ఒక బట్టల కంపెనీ. ఫండ్‌లో డబ్బు తక్కువైతే కంపెనీ పూడ్చాలి, కంపెనీయే లేకపోతే? 2005 నుంచి పెన్షన్ ప్రొటెక్షన్ ఫండ్ అని ఒకటి ఉంది, మిగతా కంపెనీల పెన్షన్ ఫండ్ల నుంచి వసూలు చేసిన డబ్బుతో నిలబడింది, అది ఆదుకుంటుంది గానీ ఇంకా రిటైర్ కాని వాళ్ళకి కోత ఉంటుంది. గ్రీన్ ఓనర్‌షిప్ మొదటి సంవత్సరాల్లో బీహెచ్ఎస్ నుంచి 40 కోట్ల పౌండ్లకు పైగా డివిడెండ్లు వెళ్ళాయి, కొన్ని స్టోర్లని గ్రీన్ కుటుంబానికే చెందిన జెర్సీ ద్వీపంలోని కంపెనీకి అమ్మి, మళ్ళీ వాటినే అద్దెకి తీసుకున్నారు. సొంతిల్లు బావమరిదికి అమ్మి అదే ఇంట్లో అద్దెకుండటం లాంటిదే, కాకపోతే అద్దె కట్టేది కంపెనీ, అద్దె అందేది కుటుంబానికి. పార్లమెంటు కమిటీ పిలిపించి ప్రశ్నలేసింది, ఆయన సర్ బిరుదు తీసేయాలని 2016లో ఎంపీలు ఓటేశారు, ఆ ఓటుకి చట్టబలం లేదు కాబట్టి బిరుదు ఉండిపోయింది. 2017లో గ్రీన్ 36.3 కోట్ల పౌండ్లు పెన్షన్ ఫండ్‌కి కట్టాడు.

బిల్డింగు అమ్మి అద్దెకి తీసుకోవడం ఆయనొక్కడే చేసింది కాదు. విడిపోయిన డెబెనమ్స్‌ని 2003లో ప్రైవేట్ ఈక్విటీ వాళ్ళు, అంటే కంపెనీలు కొని కొన్నాళ్ళకి అమ్మేసే ఇన్వెస్టర్లు, కొన్నారు, 2005లో 23 స్టోర్ల బిల్డింగుల్ని బ్రిటిష్ ల్యాండ్‌కి 49.5 కోట్లకి అమ్మి దీర్ఘకాలం లీజుకి తీసుకున్నారు, వంద కోట్ల పౌండ్లకు పైగా డివిడెండ్లు తీసుకున్నారు, 2006లో కంపెనీని మళ్ళీ స్టాక్ మార్కెట్‌లో అమ్మేసి వెళ్ళిపోయారు. రెండో పోగు ఇది. అమ్మిన రోజు చేతినిండా డబ్బు, తర్వాత ప్రతి మూడు నెలలకీ అద్దె. బ్రిటన్‌లో పాత కమర్షియల్ లీజులు ఇరవై ముప్ఫై ఏళ్ళవి, చాలావాటిలో అద్దె పెరగడమే గానీ తగ్గడం ఉండదు. అమ్మకాలు సగమైనా అద్దె అద్దే. మాంటేగ్ బర్టన్‌కి ఈ బాధ లేదు, వ్యాపారం మందగించినా బిల్డింగు ఆయనదే, పైన బిలియర్డ్స్ హాలు అద్దె కూడా ఆయనకే.

మధ్యలో ఒక పక్కదారి. లీడ్స్‌లోనే హెప్‌వర్త్ అని ఇంకో సూట్ల కంపెనీ ఉండేది, 1864 నాటిది, బర్టన్‌కి పోటీ. వాళ్ళు 1981లో కెండల్స్ అనే ఆడవాళ్ళ బట్టల షాపులు కొని, 1982లో నెక్స్ట్ అని కొత్త పేరుతో తెరిచారు, తర్వాత కంపెనీకే ఆ పేరు పెట్టారు. 1988లో ఇంటికి బట్టలు పంపే కేటలాగు మొదలుపెట్టారు. ఇంటర్నెట్ వచ్చేసరికి గోడౌన్, డెలివరీ, రిటర్న్‌లు అన్నీ అలవాటైన పనే, కేటలాగు బదులు వెబ్‌సైటు పెడితే సరిపోయింది. నెక్స్ట్ ఇప్పటికీ గట్టిగా ఉంది, 2021 జనవరిలో టాప్‌షాప్‌ని కొందామని కూడా చూసి, రేటు ఎక్కువని తప్పుకుంది. ఆన్‌లైన్ అనే తుఫాను అందర్నీ ముంచేసింది అనే మాట అందుకే నేను పూర్తిగా ఒప్పుకోను, అదే ఊరు, అదే సూట్లు, ఒకరు మునిగారు ఒకరు ఈదారు.

ఆర్కేడియాని మాత్రం రెండు వైపుల నుంచి కొరికారు. కింద ప్రైమార్క్, చదువుకోడానికి వెళ్ళిన మన పిల్లల్లో ఆ కాగితం సంచి పట్టుకోని వాళ్ళుండరు. పక్కన జారా, హెచ్ అండ్ ఎమ్. పైనుంచి ఫోన్‌లో ఏసోస్, బూహూ. బర్టన్, డొరతీ పెర్కిన్స్, వాలిస్ లాంటివి ఎవరి కోసమో ఎవరికీ అర్థం కాని స్థితికి వచ్చాయి. 2019లో సీవీఏ పెట్టారు, అంటే అప్పులవాళ్ళని కూర్చోబెట్టి, మాకు అద్దె తగ్గించండి, కొన్ని షాపులు మూసుకోనివ్వండి, లేదంటే మొత్తం పడిపోతాం, అప్పుడు మీకు ఏమీ రాదు అని చెప్పడం. బాకీల విలువలో 75 శాతం ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే మిగతావాళ్ళూ కట్టుబడాలి. పెన్షన్ ఫండ్‌కి టీనా గ్రీన్ 10 కోట్లు ఇస్తానన్నారు, మీటింగులో కొద్దిగా అటూ ఇటూ ఊగి మొత్తానికి నెగ్గింది. ఏడాది తిరక్కుండా కోవిడ్.

2020 నవంబర్ 30న ఆర్కేడియా అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది. దీన్ని మనవాళ్ళు ఐపీ పెట్టేశారు అంటారు గానీ సరిగ్గా అది కాదు, డెలాయిట్ లాంటి అకౌంటింగ్ కంపెనీ నుంచి ఒక టీమ్ వచ్చి తాళంచెవులు తీసుకుంటుంది, వాళ్ళ పని కంపెనీని కాపాడటం, కుదరకపోతే ఏ ముక్క ఎవరికి ఎక్కువ రేటుకి అమ్ముడవుతుందో చూసి అమ్మి అప్పులవాళ్ళకి పంచడం. అప్పటికి 444 షాపులు, 13,000 మంది ఉద్యోగులు. పెన్షన్ లోటు 35 కోట్ల వరకు ఉంటుందని అంచనా.

మర్నాడు జరిగింది చూడండి. డెబెనమ్స్ అప్పటికే అడ్మినిస్ట్రేషన్‌లో ఉంది, దాన్ని కొనడానికి జేడీ స్పోర్ట్స్ మాట్లాడుతోంది. డెబెనమ్స్ స్టోర్లలో మూలలు అద్దెకి తీసుకుని బట్టలు అమ్మే బ్రాండ్లలో అందరికంటే పెద్దది ఆర్కేడియానే. ఆర్కేడియా పడిపోగానే, డిసెంబర్ 1న జేడీ మాకొద్దని లేచిపోయింది, డెబెనమ్స్ మూతకి సిద్ధమైంది, ఇంకో 12,000 ఉద్యోగాలు. 1985లో పెళ్ళి, 1998లో విడాకులు, 2020లో ఒక్కరోజు తేడాతో ఇద్దరూ పోయారు. అక్కడితో అయిపోలేదు, డెబెనమ్స్ పేరుని బూహూ 2021 జనవరిలో 5.5 కోట్లకి కొంది, ఫిబ్రవరిలో బర్టన్‌నీ డొరతీ పెర్కిన్స్‌నీ కొంది, అంటే హాల్పెర్న్ ఒకే గూటిలో పెట్టినవి మళ్ళీ ఒకే గూటికి చేరాయి, షాపులు లేకుండా. 2025 మార్చిలో బూహూ గ్రూపు తన పేరునే డెబెనమ్స్ గ్రూప్ అని మార్చుకుంది. ఆ బూహూని పెట్టిన మహమూద్ కమానీ కుటుంబం గుజరాత్ మూలాలున్నది, కెన్యా నుంచి మాంచెస్టర్ వచ్చింది, తండ్రి సంతలో హ్యాండ్‌బ్యాగులు అమ్మేవాడు. మాంటేగ్ బర్టన్ చిల్లర సరుకులు అమ్మిన నూరేళ్ళ తర్వాత ఆయన పేరు ఇంకో వలస కుటుంబం చేతిలో పడింది.

ఇప్పుడు 214 ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కి వద్దాం. ఆ బిల్డింగు ఆర్కేడియా సొంతమే కానీ దాని మీద అపోలో అనే అమెరికన్ కంపెనీ అప్పు 30 కోట్ల పౌండ్లకు పైగా ఉంది. 2021లో ఐకియా దాన్ని 37.8 కోట్లకి కొంది. మన హైటెక్ సిటీలో 2018లో తెరిచిన ఐకియానే. ఇప్పుడు కూడికలు చేద్దాం, ఏసోస్ స్టాకుతో కలిపి పెట్టింది 33 కోట్లు, బూహూ 2.52, ఎవాన్స్‌ని కొన్న ఆస్ట్రేలియా కంపెనీ సిటీ షిక్ 2.3. మొత్తం 37.82. అంటే టాప్‌షాప్, బర్టన్, డొరతీ పెర్కిన్స్, వాలిస్, ఎవాన్స్, మిస్ సెల్ఫ్‌రిడ్జ్, అన్ని పేర్లూ గోడౌన్లలో బట్టలతో సహా ఎంతో, ఆ ఒక్క బిల్డింగు అంత. నేను రెండుసార్లు కూడి చూశాను. పాత బర్టన్ మూల మలుపు స్థలాలు ఎందుకు కొనేవాడో ఇంతకంటే వివరంగా ఎవరూ చెప్పలేరు.

ఏసోస్‌కి కూడా ఆ పేరు ఎక్కువ కాలం నిలవలేదు, అప్పులు మీద పడి 2024లో టాప్‌షాప్, టాప్‌మ్యాన్‌లలో 75 శాతం వాటాని 13.5 కోట్లకి హార్ట్‌ల్యాండ్ అనే కంపెనీకి అమ్మేసింది. హార్ట్‌ల్యాండ్ డెన్మార్క్‌కి చెందిన హోల్క్ పోవ్‌ల్‌సన్‌ది, హైదరాబాద్ మాల్స్‌లో కనిపించే జాక్ అండ్ జోన్స్, వెరో మోడా, ఓన్లీ కూడా ఆయన గ్రూపువే. 2025 మే 1న ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో ఐకియా తలుపులు తెరిచింది, ఆ ఆగస్టులో టాప్‌షాప్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఫ్యాషన్ షో పెట్టి, తన సొంత వెబ్‌సైటుతో మళ్ళీ వచ్చింది. అప్పటికి సొంత షాపులు లేవు. జాన్ లూయిస్ డిపార్ట్‌మెంట్ స్టోర్లలో 2026 ఫిబ్రవరి నుంచి బట్టలు పెడతామని ప్రకటించారు, అంటే 1964లో షెఫీల్డ్‌లో లాగే, వేరేవాళ్ళ షాపులో ఒక మూల.